సలహాదారులు – మన మగ్గములు
(వార్షిక మహాసభలో గావించిన ఉపన్యాసము)



మాకు నియమింపబడిన విషయము ‘యువజనుల జీవనోపాధి’ యని ఆహ్వానపత్రికయందు ముద్రింపబడినది. విషయము పెద్దది, మా కొసగిన కాలము అరగంట. కావున దానిలో నొక భాగమును మాత్రమే చెప్పెదము. ఈ మధ్యాహ్నము మీరు తేల్చవలసిన మూడవ తీర్మానము మీ చేతులలోనే యున్నది. మన విద్యానిధి నుండి ద్రవ్యము వెచ్చించి, పట్టణమునందలి యొక సలహా సంస్థవారిచే మన నేతకుటుంబముల యువతీయువకులకు వృత్తిశిక్షణ ప్రణాళిక నొకదానిని వ్రాయించుట యుక్తమా, కాదా? ముప్పదియారు సంవత్సరములు పిల్లలకు శబ్దమంజరి వల్లెవేయించినవారికి ఈ విషయమున నోరు విప్పు నధికార మెక్కడిదని కొందఱు తలంపవచ్చును. ఆ తలంపు న్యాయమే. అయినను ఈ విషయమున మేమొక తప్పు చేసియున్నాము. దానిని ముందు ముందు చెప్పెదము.

పనివారికి పని చూపి, కూలి నిర్ణయించి, నేర్పు పెంచుటకై యొకరిని నియమించుట క్రొత్త పద్ధతి కాదు. కౌటిలీయార్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను నధికారి యొకడు గలడు. నూలు వడికించుట, బట్ట నేయించుట యతని పని. నూలు సన్నమా, ముతకా, మధ్యమమా యని తెలిసికొనిన పిమ్మటనే కూలి నిర్ణయింపవలెనని యతనికి విధి. ఇల్లు వెడలి రాజాలని స్త్రీలకు తన దాసీల ద్వారా పనిని పంపవలెనని గూడ నందున్నది. పాత గ్రంథమని దీనిని త్రోసివేయకుడు. ఇల్లు కదలలేని స్త్రీయు పనివారిలో నొకతె యని యా గ్రంథకర్త గుర్తించెను. మాకు చూపబడిన ప్రణాళిక చిత్తుప్రతిలో ఆమె లేదు. పదునెనిమిది మొదలు ఇరువదియైదు వఱకు వయస్సు గలవారు వారమున కారు దినములు పట్టణ కేంద్రమునకు రావలెనని యందున్నది. కండెలు చుట్టు అత్తగారు, ఆసు పోయు కోడలు, చంటిబిడ్డ తల్లి ఆ వయస్సునకును జెందరు, ఆ కేంద్రమునకును బోజాలరు. 2019-20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారము నేతపనివారును అనుబంధపు పనివారును గలసి దేశమున 35 లక్షలకు పైబడియుండిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. నూటికి డెబ్బదిమందిని విడిచిన ప్రణాళిక ఎవరి కొఱకు?

సంస్కృతము చదివినవారమగుటచే మాకొక శాసనము తలపునకు వచ్చుచున్నది. నేటి మధ్యప్రదేశములోని మందసౌర్ పూర్వనామము దశపురము. లాటదేశము నుండి యచ్చటికి వలసవచ్చిన పట్టునేతవారి శ్రేణి 437లో సూర్యునికి గుడి కట్టించి, 473లో దానిని బాగుచేయించినది. శాసనకవి వత్సభట్టి. ఆ శ్రేణిలో కొందఱు విలువిద్య నేర్చిరనియు, కొందఱు జ్యోతిషమునందును కథలు చెప్పుటయందును ఆరితేరిరనియు, కొందఱు తమ నేతపనియందే నిలిచిరనియు నతడు వ్రాసెను. మగ్గము విడిచినవారిని చెడినవారని యనలేదు. మగ్గముననే యున్నవారిని వెనుకబడినవారనియు ననలేదు. అందఱు గూడి యొక గుడి కట్టిరి. (ఎన్ని సొమ్ములు పెట్టుకొన్నను పట్టుబట్టల జత కట్టనిదే స్త్రీ ప్రియుని కడకు బోదని గూడ నా కవి సెలవిచ్చెను. సరకు పొగడుటలో నేటి ప్రకటనకర్తలు ఆయనకు శిష్యులు.) మన పిల్లలను మగ్గమున నుంచవలెనా మాన్పవలెనా యని యేటేట నీ వేదికపై జరుగు వాగ్యుద్ధమును ఆ శ్రేణివారు విన్నచో నవ్వుకొని యుందురు. వారి కది రెండు వాకిళ్ల యిల్లు.

ఇక కూలి పుచ్చుకొను సలహాదారుల సంగతి. ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు, చేతిపనుల నుద్ధరింపవలెనను పట్టుదలతో, సేలమున ప్రభుత్వ వ్యయముచే నొక నేతశాలను నడిపించెను. మంచి మగ్గములు, మంచి నూలు, వేళకు రాక, వేళకు పోక, కూలి. సదుద్దేశమునకు లోటు లేదు. కాని నేతవారు వేళలకు గట్టుబడి శాలలో పనిచేయుట కిష్టపడరైరి. కారణము మనవంటివారికి వేరుగా చెప్పనక్కఱలేదు. ఇంటివద్ద భార్య కండెలు చుట్టును, తల్లి చిలపలు విప్పును, పిల్లవాడు తెగిన పోగతుకును. ఒక్క పురుషుని శాలకు బిలిచినచో తక్కిన చేతులకు పని తప్పును. నేత యనగా ఒక మనిషి పని కాదు, ఒక యింటి పని. 1910లో పై ప్రభుత్వపు టాజ్ఞ వచ్చి యట్టి శాలలు నిలిచిపోయినవి.

ఆ దినములందే మఱియొకటి జరిగినది. తాడు లాగిన నాడె తానై అటునిటు పరుగెత్తు ఏర్పాటును ఇంగ్లండున జాన్ కే 1733లో కనిపెట్టెను. దానిని మన గుంటమగ్గమునకే, మన యూరి వడ్రంగియే తగిలింపగలడు. ఇల్లు మారనక్కఱలేదు, వేళ మారనక్కఱలేదు, బట్ట మాత్రము త్వరగా దిగును. ప్రక్కయింటివాడు తగిలించుకొనగా చూచి యీ యింటివాడును తగిలించుకొనెను. పిదప పరిశ్రమల శాఖవారు ఊరూర దిరుగు నేతబృందములను బంపి నేర్పించిరి. ఒకే ప్రభుత్వము, ఒకే కాలము. మొదటి సలహా మనిషిని ఇంటినుండి పెకలింప జూచినది. రెండవది యింటిలోనికి వచ్చి గుంట ప్రక్కన కూర్చున్నది. మొదటిదాని యానవాలు నేడు లేదు. రెండవదానిని మీలో ననేకులు నిన్న సాయంకాలము గూడ లాగియుందురు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప సలహాలకు కొఱత లేకపోయెను. 1954లో కానుంగో కమిటీవారు చేమగ్గములు క్రమముగా మరమగ్గములు కావలెననిరి. 1955లో కార్వే కమిటీవారు, ఉన్న పని పోగొట్టక గ్రామపరిశ్రమలను నిలుపవలెననిరి. ఇద్దఱును పెద్దలే. ఏడాది యెడములో రెండు మార్గములు చూపిరి. నేతగాడు ఏ మార్గమున బోవలెను? అంతకు చాల ముందుగనే, 1930లో, ఆచార్య రంగాగారు నేతవారి జీవనస్థితిని విచారించి యొక గ్రంథము ప్రకటించియుండిరి. లెక్క మొదట, ఆలోచన పిదప యను క్రమము మనకు తెలియనిది కాదు.

ఆలేరు బిడ్డ చింతకింది మల్లేశముగారి పేరు చెప్పనిదే యీ యుపన్యాసము ముందునకు సాగదు. తల్లి లక్ష్మమ్మగారు ఆసు పోయుచుండెడివారు. ఒక్క చీరకు చేయి వేలకొలది మారులు అటునిటు మేకుల చుట్టు త్రిప్పవలెను. తొమ్మిదివేల మారులని లెక్క గట్టిరి. రాత్రి భుజము నొప్పితో ఆమె మూల్గుట వినినవాడా బాలుడు. పెద్దచదువు లేదు, ధనము లేదు. ఏండ్ల తరబడి పాట్లుపడి 1999లో ఆసుయంత్రము నిలబెట్టి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఎన్ని పరిశీలనలు, ఎన్ని నివేదికలు అంతకుముందు చేనేతపై వెలువడలేదు? ఆ భుజమును చూచినవా డొక్కడు. దీనినిబట్టి చదువుకొన్న సలహాదారు పనికిరాడని మా భావము కాదు. యంత్రము చేసినవానికి పెట్టుబడి యెట్లు తేవలెనో, హక్కు పత్ర మెట్లు పొందవలెనో, పదియూళ్లకు దానిని ఎట్లు పంపవలెనో చెప్పగలవాడు కావలసినదే. కాని యతని పని భుజము చూచిన పిమ్మట మొదలగును.

ఇక మా తప్పు. 2016లో మా యూరికి శిక్షణ నిచ్చు సంస్థవా రొకరు వచ్చిరి. పేరు చెప్పము. మూడు మాసముల శిక్షణ, ప్రమాణపత్రము, పట్టణమున కొలువు అని చెప్పిరి. ఊరిలో మా మాట చెల్లునని తెలిసి మమ్ము బ్రతిమాలిరి. మేము వీథి వీథి తిరిగి నలుబది పేర్లు మా చేవ్రాతతో వ్రాసి యిచ్చితిమి. అందులో మా శిష్యు డొకడు గలడు. గళ్ల కాగితముపై చీర అంచు గీచినచో చూచినవారు కదలరు. తండ్రికి రెండు మగ్గములు. ఆ బాలునికి దూరపు పట్టణములో నొక బట్టల అంగడిలో నిలువుకాళ్ల కొలువు దొరకినది. గది యద్దె, తిండి పోగా మిగిలినది ఇంటికి బంపుటకు చాలలేదు. నాలుగవ మాసమున తిరిగి వచ్చెను. అంతలోపల, సాయము చేయు చేతులు లేవని తండ్రి యొక మగ్గము నమ్మివేసెను. వాని తల్లి మా గుమ్మములో నిలిచి కోపము లేకుండ నడిగినది: “మాస్టారూ, మీరు చెప్పారని పంపాం. మావాడికి ఏం వచ్చో మీవాళ్ళు ఒక్కసారైనా అడిగారా?”

అడుగలేదు. ఆ సంస్థవారును అడుగలేదు, మేమును అడుగలేదు. వారికి తలలెన్నియో కావలెను. మేము తలలు చూపితిమి. ఇది మా యూరి దోషము మాత్రమే కాదని పిదప తెలిసినది. కేంద్రప్రభుత్వము 2016లో నియమించిన శారదాప్రసాద్ కమిటీవారు, నైపుణ్యశిక్షణలో అందఱును సంఖ్యల వెంట బరుగెత్తుచుండగా యువకులకు పనియు, పరిశ్రమకు కావలసిన నేర్పును చేకూరుట లేదని వ్రాసిరి. నిపుణశబ్దమునకు మంచిపని యను నర్థముగల ధాతువు మూలమని వైయాకరణులు చెప్పుదురు. మంచిపని యను మాట పోయి ప్రమాణపత్రము మిగిలినది.

మూడవ తీర్మానమును త్రోసివేయుడని మేము చెప్పుట లేదు. సవరింపుడని చెప్పుచున్నాము. సలహా సంస్థవారిని పిలుచుటకు ముందు మన గణన మనమే చేసికొందము. ప్రతి యింట ఎన్ని చేతులు పనిచేయుచున్నవి, కండె ఎవరిది, ఆసు ఎవరిది, రంగు ఎవరు వేయుదురు, ఒక చీరకు దినము లెన్ని, మజూరీ యెంత, ఆ మజూరీ ఎన్ని చేతులకు పంచబడుచున్నది, ఎవరు మగ్గమున నుండ గోరుదురు, ఎవరు పోవ గోరుదురు, పోవువారికి ఇదివఱకే యేమి తెలియును. అంచు గీయు బాలుడు కంప్యూటరుపై డిజైను గీయుట నేర్చినచో జాకార్డు అట్టలు కొట్టువారికి కావలసినవాడగును. వానిని అంగడి గుమ్మమున నిలుపుట నేర్పును పాఱవేయుట. రంగుల పాకము చేతివాటముగా తెలిసిన స్త్రీకి కొలతలు, పరీక్షలు నేర్పినచో నామె యితరులకు నేర్పగలదు. సరకును ఫోనులో చూపి యమ్ముట, లెక్కలు వ్రాయుట, జాకార్డు బాగుచేయుట మగ్గము చుట్టును గల పనులే. వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ యున్నది. మూడేండ్ల డిప్లొమా చెప్పుదురు. ఈ సభలో ఎందఱు తమ పిల్లలకు ఆ పేరు చెప్పిరో చేతు లెత్తుడు. చూచితిమి. చాలును, దింపుడు.

అట్టి గణన చేతబట్టుకొని సంస్థవారిని పిలువుడు. వారి మనిషి పది దినములు మగ్గములున్న యిండ్లలో కూర్చుండవలెను. నివేదిక తెలుగున వ్రాసి యీ వేదికపై చదువవలెను. చదువగా అర్థము కానిది అంగీకరింపబడదు. శిక్షణ నొసగకముందే, నేర్చినవారిని పనికి దీసికొనువా రెవరో, ఏ జీతమునకో, ఉండుచోటు ఏదో పేర్లతో వ్రాయవలెను. రుసుములో మూడవ వంతును ఏడాది గడచినంత వఱకు మన కోశాధికారి యొద్దనే యుంచుకొని, పిల్లలు పనిలో నున్నారో లేదో యిండ్లకు బోయి చూచిన పిమ్మట నీయవలెను. ఇందుల కొప్పుకొనని సంస్థ యున్నచో వందనము చేసి పంపుడు.

ముందువరుసలో మిల్లులు, పెద్ద యంగళ్లు గల మన కులపెద్దలు కూర్చున్నారు. వారు చందా లిచ్చుటలో ఉదారులు. వారికొక మాట. అప్రెంటిసుల చట్టము 1961 నాటిది. ముప్పదిమంది లేదా అంతకు మించిన పనివారున్నచోట, వారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వఱకు అప్రెంటిసులను తీసికొనవలెనని 2019లో నిబంధన సవరింపబడినది. చట్టమున్నందున మేము యాచించుట లేదు, జ్ఞాపకము చేయుచున్నాము. చందా పలుకకుడు; ఎందఱిని దీసికొందురో సంఖ్య పలుకుడు. కార్యదర్శిగారు కలము పట్టుకొని సిద్ధముగా నున్నారు.

గణన పత్రములు భోజనశాల ద్వారము కడ బల్లపై నున్నవి. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, కళాశాలలో చదువు మన యాడుపిల్లలు ఒక్కొక్కరు పదేసి పత్రములు గైకొనవలెనని కోరుచున్నాము. మా వీథిలో ముప్పదినాలుగు ఇండ్లు. సోమవారము ఉదయమున మేము మొదలు పెట్టుదుము. మొదటి యిల్లు, చెప్పితిమే, ఆ అంచులు గీచు బాలునిది. వాని తల్లికి కబురంపియున్నాము.