2.10 ఎకరాలు పంపితే 2.1 ఎందుకు చేరింది?

ఈ రోజు టాపిక్, వెబ్ పేజీ నుంచి సర్వర్‌కి జేసన్ రూపంలో డేటా పంపడం. ఎగ్జాంపుల్‌కి మన దగ్గర చాలా ఇళ్లల్లో ఉండేదే తీసుకుందాం, పట్టాదారు పాస్‌బుక్.

జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా భూమి లెక్క ఎకరాలు, గుంటలే. 40 గుంటలైతే ఎకరం. 2 ఎకరాల 10 గుంటల పొలాన్ని 2.10 అని రాస్తాం. అంటే ఈ చుక్క డెసిమల్ కాదు, ఎకరాలను గుంటలను విడదీసే గుర్తు అంతే.

ఆ సంగతి జావాస్క్రిప్ట్‌కి తెలీదు కదా! బాక్స్‌లో టైప్ చేసింది మొదట టెక్స్ట్‌గానే ఉంటుంది. దాన్ని నంబర్‌గా మార్చి జేసన్ డాట్ స్ట్రింగిఫైకి ఇస్తే, 2.10 కాస్తా 2.1 అయి వెళ్తుంది. ఎర్రర్ కూడా రాదు, అసలు డేంజర్ అదే. అవతల దాన్ని 2 ఎకరాల 1 గుంట అని చదివితే 9 గుంటలు మాయం. డెసిమల్ అనుకుంటే 2 ఎకరాల 4 గుంటలు. గుంటకి 121 గజాల లెక్కన 9 గుంటలంటే 1,089 గజాలు. రైతు భరోసా సీజన్‌కి ఎకరానికి 6,000 చొప్పున చూస్తే 1,350 రూపాయల తేడా. (ధరణిలోనో భూభారతిలోనో ఇలా జరిగిందని అనట్లేదు, మీరు రాయబోయే కోడ్ గురించే చెప్తున్నా.)

మరి ఎలా పంపాలి? ఒక్క బాక్స్ వద్దు, రెండు పెట్టండి. జేసన్‌లో ఎకరాలు అనే కీకి 2, గుంటలు అనే కీకి 10. సర్వే నంబర్ మాత్రం టెక్స్ట్‌గానే ఉంచండి, పేరులో నంబర్ ఉందని మోసపోవద్దు. 145/అ లాంటివి ఉంటాయి. నంబర్ ఫంక్షన్‌తో మారిస్తే జేసన్‌లో నల్ అయి కూర్చుంటుంది. పార్స్ఇంట్ వాడితే ఇంకా ఘోరం, 145 ఒక్కటే మిగులుతుంది. అది పక్కోళ్ల భూమి కూడా కావచ్చు.

ఫెచ్‌లో మెథడ్ పోస్ట్, కంటెంట్ టైప్ హెడర్‌లో అప్లికేషన్ స్లాష్ జేసన్. ఇంకోటి, సర్వర్ 400 ఎర్రర్ ఇచ్చినా ఫెచ్ దాన్ని ఫెయిల్యూర్‌గా తీసుకోదు. రెస్పాన్స్ డాట్ ఓకే చూశాకే "సేవ్ అయింది" అని చూపించండి. గుంటలు 0 నుంచి 39 వరకే అన్న చెక్ సర్వర్‌లోనూ ఉండాలి. పేజీలో పెట్టిన చెక్‌ని దాటేసి ఎవరైనా నేరుగా రిక్వెస్ట్ పంపొచ్చు.

ఫోన్‌లో కష్టం గానీ, ల్యాప్‌టాప్ దొరికితే నెట్‌వర్క్ ట్యాబ్ ఓపెన్ చేసి సబ్మిట్ నొక్కండి. పేలోడ్‌లో గుంటలు 10 అనే ఉన్నాయా?