సంబారములకై పట్టణ ప్రయాణము



సంవత్సరమునకు సరిపడు మిరపకాయలు, పసుపు, చింతపండు, ఆవాలు, ఇంగువ మొదలగు సంబారములను ఊరిలో కొనుట మంచిదా, పట్టణమునకు పోయి తెచ్చుకొనుట మంచిదా యను ప్రశ్న మాఘమాసము వచ్చుసరికి ప్రతి గృహమునందును పుట్టుచునే యుండును. ఆడువారు పట్టణమే మేలందురు. మూటలు మోయువా రెవరని మగవా రడుగుదురు. ఈ తగవు తీర్చుటకు నేను పూనుకొనలేదు. నలువది యేండ్లుగా మా యింటికిని, అడిగిన యిరుగుపొరుగులకును ఈ సరుకులు తెచ్చుచున్నవాడను గనుక, ఏ వస్తువునకై ఎంత దూరము పోవచ్చునో, దేనికి పోనక్కరలేదో నాకు తెలిసినంత మనవి చేసికొందును.

మాది దివిసీమ, కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రమున కలియు చోటు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలు పైరులకే గాక పడవలకును దారియైనవి. మా తాతల నాటి సంబారములు చాలవరకు నీటిమీద వచ్చినవే. తరువాత మాబోటి వారు గుంటూరు పోవలెనన్న పెనుమూడి రేవు దాటి, రేపల్లెలో రైలెక్కి పోవలసియుండెడిది. ఇప్పుడు పులిగడ్డ పెనుమూడి వారధిమీద బస్సులు తిరుగుచున్నవి. ఉదయము చద్దియన్నము తిని బయలుదేరినవాడు దీపాల వేళకు ఇల్లు చేరవచ్చును. నాడు సరుకు వీసెలలోను, మణుగులలోను చెప్పుకొనెడివారు. వీసె యనగా నేటి తూకమున సుమారు 1 కిలో 400 గ్రాములు. ఎనిమిది వీసెలు మణుగు. మా యింటిలో పెద్దవారు నేటికిని ఊరగాయ కొలతలు వీసెలలోనే చెప్పుదురు. కోడండ్రు వానిని కిలోలలోనికి మార్చుకొనలేక విసుగుకొందురు.

మొదట మిరపకాయ సంగతి. సంవత్సరపు వంట యంతయు దానిమీద నిలిచియుండును. గుంటూరు మిరప యార్డు ఆసియా ఖండమునందలి మిక్కిలి పెద్ద మిరప విపణులలో నొకటి. సంక్రాంతి దాటినది మొదలు వేసవివరకు అచ్చటికి కొత్తకాయ వచ్చుచుండును. ఎండలు ముదిరిన తరువాత కొన్ని వారములు యార్డునకు సెలవిత్తురు. కాని యార్డులోని బేరము బస్తాల లెక్కన, కమీషను వర్తకుల మూలమున జరుగును. అయిదు కిలోలకు పోయినవానికి అచ్చట చూచుటయే గాని కొనుట లేదు. మనబోంట్లకు బజారులోని చిల్లర కొట్లే గతి. మాఘఫాల్గునములలో ఆ కొట్లలోనికి కొత్తకాయ దిగును. అప్పుడు పోవలెను. చైత్రము గడచిన తరువాత ఆవకాయ తొందరలో పోయినవారికి ధరయు పెరుగును, ఏరుకొనుటకు కాయయు తగ్గును. నగరము చుట్టును శీతల గిడ్డంగు లున్నందున నిరుటికాయ సంవత్సరము పొడుగునను దొరకును. అది చెడ్డదని చెప్పను. చలినుండి వెలికి వచ్చిన కాయ చెమ్మ తీయును గనుక రెండు దినములు బాగుగ ఎండనిచ్చి గాని దంపింపరాదు.

కాయలలో తెగలు పెక్కులు. గుంటూరు సన్నము కారమునకును రంగునకును మధ్యస్థము. ఆ పేరునకు భౌగోళిక గుర్తింపు కలదు. తేజ యనునది సన్నని కాయ, మిక్కిలి కారము. అలవాటు లేనివారు దానితో ఊరగాయ పెట్టినచో పిల్లలు దాని జోలికి పోరు. కర్ణాటకమునుండి వచ్చు బ్యాడిగి ముడుతలు పడియుండును. రంగు హెచ్చు, కారము తక్కువ. వరంగల్లు ప్రాంతపు చపాటా మిరప పొట్టిగా, లావుగా నుండి ఎఱ్ఱని రంగిచ్చును. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. మా యింటిలో మూడు పాళ్లు సన్నము, ఒక పాలు బ్యాడిగి కలిపి దంపింతుము. ఇది మా నాలుకకు కుదిరిన లెక్క. మీ కింకొకటి కుదురవచ్చును.

కాయను చూచు విధము చెప్పెదను. గుప్పెడు కాయలు తీసి చెవిదగ్గర ఆడింపుడు. గింజ గలగలలాడినచో ఎండినదని యర్థము. తొడిమను వంచిన విరుగవలెను. విరుగక సాగినచో బరువునకై నీళ్లు చల్లినారేమో యని అనుమానింపవలెను. బస్తా పైభాగము మాత్రమే చూచి తృప్తి పడక, చేయి లోనికి పోనిచ్చి అడుగుకాయ తీయింపుడు. తెల్లబారిన తాలుకాయ అడుగుననే యుండును. రెండు మూడు కాయలను చీల్చి లోపల బూజున్నదేమో చూడవలెను. పైన నిగనిగలాడు కాయలోనే బూజుండుట నేను పలుమార్లు చూచితిని. ఇన్ని చేయనిచ్చుటకు ఇష్టపడని వర్తకునియొద్ద కొనకుండుటయే మేలు; పట్టణమున కొట్టు ఒక్కటియే కాదు గదా.

కారపుపొడిని మాత్రము ఎంత దూరము పోయినను కొనవలదు. 2005లో బ్రిటనులో వందలకొలది తినుబండారములను అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చెను. సూడాన్ అను రంగు కలిసిన మిరపపొడి వానిలో చేరుటయే కారణము. ఆ పొడి మన దేశమునుండి పోయినదే. పొడిని నీళ్లలో చల్లి చూడుడని కొందరు చెప్పుదురు. నీళ్లలో దిగు రంగులకు ఆ పరీక్ష చాలును గాని, సూడాన్ రంగు నూనెలో గాని దిగదు. కావున ఇంటి పరీక్షకు చిక్కదు. కాయ కొని, కన్నుల యెదుట దంపించుకొనుటకన్న వేఱుదారి లేదు.

పసుపునకు మాకు దుగ్గిరాల దగ్గర. తెలంగాణమువారికి నిజామాబాదు ఉన్నది. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో అచ్చటనే ప్రారంభమైనది. ఇచ్చటను పొడి కాక కొమ్ములే కొనవలెను. కొమ్ములకు సయితము పైపూత పూయుట కలదు. బంగ్లాదేశమున సీసముతో కూడిన పసుపుపచ్చని రంగును పసుపునకు పట్టించుచున్నట్లు 2019లో పరిశోధకులు వెల్లడించిరి. సీసము పసిపిల్లల మెదడునకు చేయు కీడు తిరిగి బాగుపడునది కాదు. కొమ్ము పైకి మితిమీరి మెరయుచు, చేతితో రుద్దినంతనే రంగు రాలుచున్నచో దానిని వదలుడు. విరిచి లోపలి రంగు చూడుడు. లోపల ముదురు నారింజ వన్నె యున్నచో, పైన మట్టిరంగుగా నున్నను ఆ కొమ్మే మంచిది.

ఆవాల విషయమున చిన్నచూపు తగదు. 1998లో ఢిల్లీలో ఆవనూనె తిని పెక్కుమంది ఒడలు వాచి మంచము పట్టిరి, అనేకులు మరణించిరి. బ్రహ్మదండి గింజలనూనె దానిలో కలియుటయే హేతువు. ఆ చెట్టు మన పొలముగట్లమీద పసుపుపచ్చని పూలతో, ముండ్లతో మొలచునదే. దాని గింజ ఆవగింజవలె నల్లనిదే గాని పైన గరుకుగా నుండును, ఆవగింజ నున్నన. నలిపిన ఆవగింజ లోపల పసుపు, బ్రహ్మదండి గింజ లోపల తెలుపు. కొద్ది గింజలను పలకరాతిమీద నలిపి చూచుటకు నిమిషము చాలును. ఆవకాయకు ఆవపిండి పచ్చిగానే కలుపుదుము గనుక ఈ నిమిషమును పోగొట్టుకొనరాదు.

ఇంగువను గూర్చి జనులకు గల భ్రమ యింతింత కాదు. అది ఒక మొక్క వేరుకు గాటుపెట్టగా స్రవించి గట్టిపడిన పాలు. ఆ మొక్క ఆఫ్గనిస్తానము, ఇరాను, ఉజ్బెకిస్తానము దేశముల చలికొండలలో పెరుగును. మన దేశమున 2020లో హిమాచలప్రదేశపు లాహౌల్ లోయలో శాస్త్రజ్ఞులు దాని సాగు నారంభించిరి. పాలు పట్టుటకు మొక్కకు సుమారు ఐదేండ్ల వయస్సు రావలెను. అంగళ్లలో మనకు దొరకునది పిండియు, బంకయు కలిపి చేసిన ముద్ద. ఆ కలుపుట మోసము కాదు. అసలు పాల ఘాటు అంతటిది. ఎంత పాలు కలిపిరను దానిమీద వెల యుండును. దీనిని పట్టణమునుండియే తెచ్చుకొనవలెను. మంచి ఇంగువ కొద్దిగ తెచ్చినచో ఏడాది వచ్చును, మోతబరువును లేదు.

బెల్లమునకు అనకాపల్లి పేరు పడినది. అంత దూరము పోనక్కరలేదు. ఆ బెల్లమే మన యూరికి వచ్చును. ఒక్క మాట. తెల్లగా, బంగారు వన్నెగా నున్న అచ్చులకై ఎగబడుదురు. ఆ తెలుపు చాలసార్లు హైడ్రోసు అను మందు చలువ. నల్లని బెల్లము మేలు. చింతపండును కొనునపుడు కిలో వెల మాత్రమే అడుగక, గింజయు, ఈనెయు, పెంకును పోగా ఎంత మిగులునో లెక్కించి బేరమాడవలెను. గింజ తీసినది వెల హెచ్చని విడిచిపెట్టినవాడు గింజలు కొనితెచ్చి పారవేయుచున్నాడు. మామిడికాయకు మాత్రము పట్టణము పనికిరాదు. ఆవకాయ కాయ ఆ యుదయము కోసి, ఆ పూటయే తరుగవలసినది. బస్సులో మ్రగ్గిన కాయతో పెట్టిన ఊరగాయ శ్రావణమునకే మెత్తబడును.

ఇక లెక్క. కాయ కిలోకు పట్టణమున 40 రూపాయలు తక్కువ యనుకొందము. పది కిలోలకు 400 మిగులును. దానిలోనుండి మగవాని బస్సు చార్జీ, మూటకు కూలి, పూటకూటి భోజనము, పోయిన ఒకదినపు పని తీసివేయుడు. మిగులునది మీ చేతివ్రేళ్లకు రాదు. ఆడువారికి ప్రభుత్వపు బస్సులలో ఉచిత ప్రయాణము తెలంగాణమున 2023 డిసెంబరు మొదలు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 మొదలు కలిగినందున ఈ లెక్క మారినది. మా యూరి స్త్రీలు ఇప్పుడు నలుగురైదుగురు కలిసి పోవుచున్నారు. వారి బేరము మాకన్న గట్టిది. ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. అయినను వెలకొరకు పోవువానికన్న మేలిమి కొరకు పోవువానికే ప్రయాణము ఫలించును.

ఇచ్చట పెద్దలతో మాట్లాడవలసిన సంగతి యొకటి కలదు. మా యూరిలో శెట్టిగారి అంగడి యొక్కటియే యున్నది. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెన మీలో పెక్కురకు జ్ఞాపకముండును. మా సీమలో వేలకొలది జనులు పోయిరి. మా యూరు కొంత మెరకగా నుండుటచే ఇండ్లు మిగిలినవి. దారులు మాత్రము మిగులలేదు. బయటినుండి సాయము చేరువరకు నేటి శెట్టిగారి తండ్రి తడియని బస్తాలు విప్పి, ఇంటికింతయని బియ్యము, పప్పు, ఉప్పు కొలిచి యిచ్చెను. ఖాతాలో పేర్లు వ్రాసెను గాని వెల వ్రాయలేదు. పంట వచ్చిన తరువాత ఇచ్చిన వారిచ్చిరి. నే డాయన కుమారుని అంగడిలో సంబారములు అమ్ముడుపోవుట తగ్గినది. సంవత్సరపు సరుకు పట్టణమునుండి వచ్చుచుండగా ఆయనయొద్ద అగ్గిపెట్టెయు, అప్పుమీద తెచ్చుకొను ఉప్పుపప్పులును మాత్రమే కొనుచున్నారు. అప్పులు మాత్రమే నిలిచి, రొక్కపు బేరము పోయిన అంగడి ఎన్నాళ్లు నిలుచును? తలుపులు మూసిననాడు బస్సెక్కలేని ముసలివారు, చేత డబ్బులేక ఖాతామీద బ్రదుకు కూలివారు ఎచ్చటికి పోవుదురు?

ఆయన ధర హెచ్చనుట నిజమే. ఆయన కొద్ది సరుకు తెచ్చును, చెమ్మ ఆరి తూకము తగ్గుటను తానే భరించును, మన ధాన్యము అమ్ముడగువరకు ఆగును. ఆయన సరుకు పట్టణపు సరుకంత మేలుగా లేదనుటయు నిజమే. మనము వెల తక్కువదే అడుగుటచే ఆయన తాలు కలిసినదే తెచ్చుచుండెను.

దీనికి మా యూరిలో ఒక యేర్పాటు చేసికొంటిమి. పుష్యమాసము చివర ఇంటింటి చీటీ వ్రాయించి, సగము సొమ్ము ముందుగా చెల్లించి శెట్టిగారికే యిచ్చెదము. ఆయన బస్తాల లెక్కన గుంటూరులో కొనును. ఆయన వెంట ఊరివా రిద్దరు పోవుదురు. వారిలో నొకరు తప్పక స్త్రీ. కొన్న రసీదు రచ్చబండయొద్ద చదివి, బస్తా అందరి యెదుట విప్పి, పైకాయ, అడుగుకాయ చూచిన పిమ్మట తూచెదరు. లారీకూలి పోగా కిలోకు ఇంతయని ఆయనకు లాభము ముందే ఒప్పుకొని యుందుము. మొదటి సంవత్సరము పసుపు విషయమున జగడము వచ్చినది. కొమ్ములు మట్టిరంగుగా నున్నవని కొందరు తీసికొనమనిరి. నేను విరిచి చూపితిని. అయినను రెండిండ్లవారు తీసికొనలేదు. వారి పాలు శెట్టిగారే అంగడిలో ఉంచుకొని, వేసవి ముగియులోపల అమ్ముకొనెను.

ఈ యేడు చీటీలు ఇచ్చిన ఇండ్లు 31. ఇంగువకు వేఱుగా వ్రాసినవారు 12 మంది. చపాటా మిరప రెండు కిలోలు కావలెనని ఒక యింటివారు వ్రాసిరి. దానికై వరంగల్లు పోవువారెవరో ఇంకను తేలలేదు.