పైకెగిరిన బంతి: భౌతికశాస్త్ర ప్రవేశమున విద్యార్థి సందేహములు

ఒక భౌతికశాస్త్రాధ్యాపకుని స్మృత్యర్థము ఏర్పడిన ఈ ఉపన్యాసమునకు నేనెన్నుకొన్న విషయము పరిశోధనాగారములకు సంబంధించినది గాక, ఈ శాస్త్రమును తొలిసారి అభ్యసింపవచ్చిన పిల్లవాని మనస్సునకు సంబంధించినది. ఆ మనస్సున చలనమును గూర్చి ఏ భావమును లేదనుకొని బోధింపబూనుటయే మన లోపములలో మొదటిదని నా నిశ్చితాభిప్రాయము. అచట ఒక సిద్ధాంతము పూర్వమే వేళ్లూని యున్నది; దానిని పరామర్శింపక మనము చెప్పిన సూత్రములు పరీక్షనాటి వరకు నిలిచి, పిమ్మట రాలిపోవుచున్నవి.

ఒక బంతిని సెకనుకు 19.6 మీటర్ల వేగముతో నిట్టనిలువుగా పైకి విసరితిమనుకొందము. గాలి నిరోధమును లెక్కింపవలదు. అది శిఖరమును చేరిన క్షణమున దాని త్వరణమెంత అని అడిగినచో, సూత్రములన్నియు కంఠస్థము చేసినవారు సైతము పలువురు ‘సున్న’ యని చెప్పుదురు. బంతి అచట నిలిచినది గదా యని వారి తర్కము. వారిని మందలించుట సులభమే కాని, లెక్క వేయించుట మేలు. మొదటి సెకను చివర వేగము పైకి 9.8 మీటర్లు, రెండవ సెకను చివర సున్న, మూడవ సెకను చివర మరల 9.8, కాని క్రిందికి. ప్రతి సెకనునందును వేగములో వచ్చిన మార్పు ఒక్కటే, అదియు ఒకే దిక్కునకు. శిఖరమున త్వరణము సున్నయై అట్లే యుండినచో, వేగమును సున్నగనే యుండిపోవలెను. అప్పుడు బంతి ఆకాశముననే వ్రేలాడవలెను. ఈ చివరి మాటను గురువు తాను చెప్పక, ‘మరి బంతి క్రిందికెట్లు వచ్చును?’ అని మాత్రమే అడిగి, పిల్లవాడు ఆలోచించునంతసేపు ఓపికతో వేచియుండవలెను. అప్పుడతడు చెప్పు సమాధానము అతని స్వార్జితము.

ఇంతకన్న లోతైన చిక్కు మరియొకటి గలదు. పైకి పోవుచున్న బంతిపై పనిచేయు బలములను గీయుమన్నచో, ‘చేయి ఇచ్చిన బలము’ను పైకిని, భూమ్యాకర్షణను క్రిందికిని గీసి, రెండును సమమైనచోట శిఖరమని చూపువారనేకులు. ఇది మూఢత్వము కాదు. 6వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో ఫిలోపోనసును, 14వ శతాబ్దమున పారిసులో బురిడానును, విసరినవాడు వస్తువునందు ఒక ప్రేరకశక్తిని నిక్షేపించునని వాదించిరి. గాలియే వెనుకనుండి నెట్టుచున్నదన్న అరిస్టాటిలు మతము కంటె అది ఎంతో ముందంజ. పీసా నగరమున యువాధ్యాపకుడుగానున్న గెలీలియో సైతము, 1590 ప్రాంతమున, ఆ శక్తి క్రమముగా తరిగి బరువుతో సమానమైనచోట వస్తువు మరలునని వ్రాసెను. నేటి మన విద్యార్థి గీయు చిత్రము అక్షరాల అదియే! ఆ గెలీలియోయే 1638లో లైడెనులో అచ్చయిన గ్రంథమున, కారణముల చర్చను ప్రక్కకుంచి, పడు వస్తువు వేగము సమానకాలములలో సమానముగ పెరుగునని నిరూపించెను. ఆ వ్రాతకును ఈ ముద్రణకును నడుమ దాదాపు అర్ధశతాబ్ది గడచినది. మన పిల్లవానికి మాత్రము మనమొక్క గంట ఇచ్చుచున్నాము.

చేయి విడిచినవెంటనే చేతిబలము ముగిసినది. బంతియందు మిగిలినది వేగము. దానిని నిలుపుకొనుటకు బలమక్కరలేదు, మార్చుటకే బలము కావలెను. 1687లో న్యూటను ప్రకటించిన సూత్రముల సారమిదియే. ఎద్దులు లాగుట మానిన బండి ఆగిపోవుటను పుట్టినది మొదలు చూచుచున్న మనకు ఇది నమ్మశక్యము కాకుండుట సహజము. అచట బండినాపుచున్నది ఘర్షణబలమని, అదియు ఒక బలమేయని, ఎవరో ఒకరు నిదానముగ చూపవలెను.

బల్లపై నున్న పుస్తకమును భూమి క్రిందికి లాగుట, బల్ల పైకి నెట్టుట అను రెండును చర్యాప్రతిచర్యలని పలువురు పొరబడుదురు. ఆ రెండును పుస్తకముపైననే పనిచేయుచున్నవి గనుక అవి జంట కానేరవు. పుస్తకమును భూమి లాగుటకు జంట, పుస్తకము భూమిని లాగుటయే.

అంతరిక్షనౌకలో ఆకర్షణ లేదనుట మరియొక భ్రాంతి. 400 కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేలమీది దానిలో దాదాపు పదింట తొమ్మిదివంతులుండును. నౌకయు, అందలి మనిషియు కలిసి భూమిచుట్టు ఎడతెగక పడుచుండుటచేతనే భారము తెలియకున్నది. గాలి లేనిచోట ఆకర్షణయు లేదనువారికి చంద్రుడే సమాధానము: 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ అచట ఒక సుత్తిని, ఒక ఈకను చేతులనుండి విడువగా రెండును ఒక్కసారిగా నేలను తాకినవి.

ప్రశ్నపత్రములు కూర్చు పెద్దలకు నాదొక విన్నపము. నాలుగు సమాధానములలో ఒకదానిని గుర్తింపుమను పరీక్ష ఈ భ్రాంతులను కప్పిపుచ్చగలదు. ప్రతి పత్రమునందును సంఖ్యలు లేని ప్రశ్న ఒక్కటైన చేర్చి, విద్యార్థిచేత కారణమును స్వంతమాటలలో వ్రాయించి, ఆ కారణమునకే మార్కులిండు.