రక్షణ ఒప్పందం చాటున ఒక సమాఖ్య



1766లో నిజాం అలీఖాన్ మన రాజమండ్రి, ఏలూరు సర్కారులను కుంపిణీకి అప్పగించింది సైనిక సహాయపు హామీ మీదనే. ఇక్కడి రైతును, నేతగానిని ఎవరూ అడగలేదు. అటువంటి ఒప్పందాలే అరేబియా దక్షిణ కొసనా జరిగాయి. బ్రిటిషు రక్షణలోని ఆరు చిన్న రాజ్యాలు 1959 ఫిబ్రవరి 11న సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1962లో దాని పేరు దక్షిణ అరేబియా సమాఖ్య అయింది. ఏడెన్ ప్రజలు వీధుల్లోకి వచ్చి వద్దన్నా, 1963 జనవరిలో ఆ రేవుపట్టణాన్ని అందులో కలిపారు.

నేను ఉద్యోగమంతా దస్త్రాలు చూసినవాణ్ణి. ఒప్పందంలో మొదట చూడవలసింది దానిని ముగించే అధికారం ఎవరిదన్నదే. స్వాతంత్ర్యం తరువాత ఏడెన్‌లో సైన్యాన్ని ఉంచబోమని 1966 ఫిబ్రవరిలో లండన్ ప్రకటించింది. 1967 నవంబరు 30 నాటికి సమాఖ్యా లేదు, సుల్తానులూ లేరు.

ముకల్లా నేలిన ఖుఐతీ సుల్తానులు సమాఖ్యలో చేరనేలేదు. వారి గద్దె కూడా ఆ ఏడే పోయింది. ఆ వంశ మూలపురుషుడు హైదరాబాదులో నిజాం కొలువులో జమేదారు. అదే హద్రమౌత్ నుండి వచ్చినవారి సంతతి బార్కస్‌లో నేటికీ ఉంది. వారి చేతనున్నది సుల్తాను సన్నదు కాదు, మన చేతనున్న ఓటే. జాబితాలో మీ ఇంటివారందరి పేర్లు ఉన్నవో లేవో ఈ వారమే చూసుకోండి.