నియమం సరే, షరతు ఏది?

(కంకిపాడులో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు అంకెలతోనే కాదు, అక్షరాలతో ఆల్జీబ్రా కూడా చేస్తుంది. 1968లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదలైన ప్రోగ్రాముకు వారసుడైన 'మాక్సిమా' 1998 నుంచి అందరికీ ఉచితం. దాని సొంత నియమాలు చాలకపోతే మనమే కొత్తవి రాసి చేర్చవచ్చు. అవి దాని నియమాలకు ముందు నడవాలా, తర్వాతా అన్నదీ మనమే చెప్పవచ్చు.

నియమాలు రాయడం మనకు కొత్తా? ఏ జీవో అయినా ఎవరికి, ఏ షరతుపై వర్తిస్తుందో చెబుతుంది. ఇక్కడా అంతే. 'ఒక సంఖ్య వర్గానికి వర్గమూలం తీస్తే అదే సంఖ్య' అని రాశామనుకోండి. 5కు సరిపోయింది. మైనస్ 5 వర్గం 25, దాని వర్గమూలం 5. మన నియమం మాత్రం మైనస్ 5 అంటుంది. జమ కాస్తా ఖర్చయింది! 'సంఖ్య సున్నాకు తక్కువ కానప్పుడు' అని షరతు కట్టాలి.

ఇంకొకటి. ఒక నియమం బ్రాకెట్లు విప్పమని, మరొకటి మళ్ళీ కట్టమని అంటే, రెండు సెక్షన్ల మధ్య తిరిగే ఫైలులా లెక్క ఎన్నటికీ తెమలదు.

రుణ సంఖ్యకు వర్గమూలం లేదని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు హద్దు గీశాడు. ఆయన గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెనిగించాడు. సూత్రంతోపాటు హద్దు చెప్పడం మన పాత మర్యాదే.

యంత్రం తప్పు నియమాన్నీ మారుమాట లేకుండా అమలు చేస్తుంది. బాధ్యత మాత్రం రాసినవాడిదే. ఇంజనీరింగు చదివే మనవలను అడగండి: "నియమం సరే, షరతు ఏది?"

సెలవు.