ఇంటి రూటరునకు గడియ

తల్లిదండ్రులారా!

పిల్లల పాఠములు, మీ బ్యాంకు వ్యవహారములు నేడు ఇంటిలోని వైఫై రూటరు గుండానే సాగుచున్నవి. ఆ వాకిలికి గడియ వలదా?

తయారీదారులు కొన్నేండ్లకు పాత రూటర్లకు అప్‌డేట్లు మానివేయుదురు. బయటపడిన లోపములు అట్లే నిలిచిపోవును. అంతమాత్రమున రూటరును పారవేయనక్కరలేదు. 2004లో ఆరంభమైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఉచిత లినక్సు ఆ నమూనాకు కలదేమో చూడవలెను. కలదేని, రూటరును కేబులుతో కంప్యూటరునకు కలిపి దానిని ఎక్కింపవలెను. మొదట దానికి పాస్‌వర్డు ఉండదు, పెట్టుటయే తొలిపని. పిదప వైఫైకి డబ్ల్యుపిఎ2 గాని, 2018లో వెలువడిన డబ్ల్యుపిఎ3 గాని ఎన్నుకొని, పొడవైన వేరొక పాస్‌వర్డు ఉంచవలెను. 2001లోనే ఛేదింపబడిన డబ్ల్యుఇపి పద్ధతి పనికిరాదు. అటుపై అప్‌డేట్లు మరువరాదు.

ఈ పనిని మీరు ప్రక్కన కూర్చుండి పిల్లలచేతనే చేయించి, ప్రతి మెట్టును వారిచే తెలుగున చెప్పించుకొనుడని మేము కోరుచున్నాము. ఇంటికి కాపు ఇంటివారే.