రోస్టర్ చదవడం ఎక్కడ నేర్చుకున్నాం?

(ఖరగ్‌పూర్‌లో తెలుగు విద్యార్థులు, వారి కుటుంబాల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన అంశం ఇది: యూనివర్సిటీలో విద్యార్థి సంఘంలో చేరితే మన పిల్లల ఎదుగుదలకు, ఉద్యోగాలకు మేలా, కీడా? ముందు వరసలో కూర్చున్న పెద్దల జవాబు నాకు ముందే తెలుసు. "చదువుకోడానికి పంపాం, జెండాలు మొయ్యడానికి కాదు." నేను ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రోజు మా నాన్న కూడా ఆ మాటే అన్నాడు. ఆయన మాత్రం ముప్పై ఏళ్లుగా యూనియన్ చందా కడుతూనే ఉన్నాడు. సంఘం వెనక లేకపోతే ట్రాన్స్‌ఫర్ ఆగదని, క్వార్టర్ రాదని, ప్రమోషన్ ఫైలు కదలదని రైల్వే కుటుంబాలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే బుద్ధి పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తిరగబడుతుందో అడగాలని ఉంది.

మన ఊరి సంగతే చూద్దాం. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాకే ఖరగ్‌పూర్ ఊరైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మన తాతముత్తాతలు ఆ పట్టాల వెంబడే వచ్చారు. 1927లో ఇక్కడి వర్క్‌షాప్‌లో కార్మికులను తొలగించడానికి వ్యతిరేకంగా జరిగిన పోరాటం దేశమంతా తెలిసింది. ఆ యూనియన్ నాయకుడు వి.వి.గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఈ కథ మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే ఆ వర్క్‌షాప్ లోపల మనవాళ్లు ఎక్కడ నిలబడ్డారు?

దీనికి జవాబు 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దొరుకుతుంది. జీఐపీ రైల్వేలోని అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడారు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులే అని ఆయన అన్న మాటను అందరూ గుర్తుచేస్తారు. నాకు ఆ ప్రసంగంలో అంతకంటే విలువైనవిగా కనిపించేవి అందులోని చిన్న చిన్న వివరాలు. రైల్వేలో అంటరానివాడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ఎందుకు మిగిలిపోతున్నాడో ఆయన విప్పి చెప్పారు. స్టేషన్‌లో పోర్టర్ ఉద్యోగం ఎందుకు రాదంటే, స్టేషన్ మాస్టర్ పోర్టర్ చేత ఇంటి పని కూడా చేయించుకుంటాడు. అంటరానివాడైతే ఇంట్లోకి రానివ్వలేడు. వర్క్‌షాప్‌లో మెకానిక్ పని దక్కదు, గుమస్తా పని అంతకంటే దక్కదు. ఇవేవీ రూల్ బుక్‌లో లేవు. అప్పటి యూనియన్లకు జీతాలు కనిపించాయి, పని గంటలు కనిపించాయి, ఈ గీత కనిపించలేదు. అందుకే అంటరాని కార్మికులు విడిగా కూడదీసుకుంటే కార్మిక ఐక్యత చెడుతుందన్న విమర్శను ఆయన నేరుగా ఎదుర్కొన్నారు.

యూనివర్సిటీలో సరిగ్గా ఇదే జరిగింది. 1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టేనాటికి అక్కడ విద్యార్థి సంఘాలు లేకపోలేదు. ఎర్రజెండా ఉంది, కాషాయ జెండా ఉంది. ఫీజుల గురించి మాట్లాడేవాళ్లున్నారు. కానీ మౌఖిక పరీక్షలో ఒకే ఇంటిపేరున్న వాళ్లందరికీ ఎందుకు తక్కువ మార్కులు పడుతున్నాయో, గైడ్ దొరకని విద్యార్థులంతా ఒకే కోటాలోంచి ఎందుకు వస్తున్నారో అడగడాన్ని తమ పనిగా పెట్టుకున్నవాళ్లు లేరు. ఆ పని కోసం పుట్టింది ఏఎస్ఏ. ఆ తర్వాత జేఎన్‌యూలో 2014లో బాప్సా, ఐఐటీ మద్రాసులో అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ అదే దారిలో వచ్చాయి.

సంఘంలో చేరితే ఏమొస్తుంది అంటే ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు ఒక జాబితా చదువుతారు: నాయకత్వ లక్షణాలు, టీమ్ వర్క్, కమ్యూనికేషన్ స్కిల్స్. ఆ మాటలతో నాకు పేచీ లేదు గానీ, అవి బయోడేటాలో రాసుకునే మాటలు. జరిగేది వేరు. అడ్మిషన్ల రోజుల్లో గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాం. ఊళ్లోంచి మొదటిసారి వచ్చిన అమ్మాయి చేతిలో సర్టిఫికెట్ల కవరు ఉంటుంది, అందులో ఏదో ఒక కాగితం తక్కువవుతుంది. దాని కోసం ఎవరికి దరఖాస్తు రాయాలి, ఎన్ని రోజులు గడువు అడగాలి, ఏ గదికి వెళ్లాలి, అక్కడి గుమస్తా "రేపు రా" అంటే ఏం చెప్పాలి? రెండేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఆఫీసు అంటే భయం పోతుంది. మన ఇళ్లలో తరాలుగా దొరకనిది సరిగ్గా అదే. ఆఫీసరు కొడుక్కి ఆ ధైర్యం భోజనాల బల్ల దగ్గరే దొరుకుతుంది, వాడికి సంఘం అక్కర్లేదు.

ఇక రోస్టర్. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే మనవాళ్ల కెరీర్‌ను సంఘాలు నేరుగా మార్చిన ఉదాహరణ ఇది. 2017 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్‌ను లెక్కించడానికి యూనివర్సిటీ మొత్తాన్ని కాదు, ఒక్కో విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని తీర్పిచ్చింది. 2018 మార్చి 5న యూజీసీ దాన్ని అన్నిచోట్లా అమలు చేయమంది. వినడానికి చిన్న సాంకేతిక మార్పు. లెక్క వేసి చూడండి. 13 పాయింట్ల పట్టికలో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి వస్తుంది. ఆరుగురు అధ్యాపకులున్న విభాగంలో ఎస్సీకి సున్నా. పదముగ్గురున్నా ఎస్టీకి సున్నా. మన యూనివర్సిటీల్లో అంత పెద్ద విభాగాలు ఎన్ని ఉంటాయి? రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండా రిజర్వేషన్ మాయమైపోతుంది.

దీన్ని ముందుగా పట్టుకుని, ఆ పట్టిక గీసి, ప్రతి హాస్టల్లో తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో విడమరిచి చెప్పినవాళ్లలో అంబేద్కరైట్ విద్యార్థి సంఘాలు, బహుజన అధ్యాపకులు ఉన్నారు. 2019 జనవరి 22న సుప్రీంకోర్టు కేంద్రం అప్పీలును కొట్టేసింది. ఫిబ్రవరిలో రివ్యూ కూడా పోయింది. మార్చి 5న భారత్ బంద్. మార్చి 7న ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది జూలైలో చట్టమైంది. యూనివర్సిటీ మళ్లీ యూనిట్ అయింది. ఆ తర్వాత కేంద్రీయ యూనివర్సిటీల్లో రిజర్వుడు పోస్టులో చేరిన ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసర్ కెరీర్ వెనక ఆ రోడ్డెక్కిన వాళ్లున్నారు. వాళ్లలో చాలామందికి ఆ ఉద్యోగం ఇంకా రాలేదు, అది వేరే కథ. అంతకుముందు 2015 అక్టోబరులో నాన్ నెట్ ఫెలోషిప్ ఎత్తేస్తామన్నప్పుడు, అంటే పీహెచ్‌డీ విద్యార్థికి నెలకిచ్చే ఆ 8,000 రూపాయల కోసం, యూజీసీ ఆఫీసు ముందు కూర్చున్నదీ విద్యార్థులే.

ఖరగ్‌పూర్ పిల్లలకు ఈ విద్య ఇంకా ఎక్కువ అవసరం. మనది రెండు పట్టాల మధ్య చిక్కుకున్న పరిస్థితి. షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా ఇంకో రాష్ట్రానికి వలసపోతే వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కూడా ఉద్యోగరీత్యా ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన తండ్రి, మెడికల్ సీటు అడిగిన కొడుకు గురించే. 2018లో రాజ్యాంగ ధర్మాసనం బీర్ సింగ్ కేసులో ఆ సూత్రాన్ని నిలబెట్టింది. దీంతో ఇక్కడ పుట్టిన మాల, మాదిగ, రెల్లి పిల్లాడికి బెంగాల్ కోటా దొరకదు. ఆంధ్రకు వెళితే, అక్కడ చదవలేదు గనక చాలా సందర్భాల్లో స్థానిక అభ్యర్థి కాడు. మిగిలేవి కేంద్ర విద్యాసంస్థలు, కేంద్ర ఉద్యోగాలు. అక్కడ సొంత రాష్ట్రపు హోదా చెల్లుతుంది. దానికి కావలసిన కాగితం మాత్రం సరిగ్గా ఉండాలి. కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికి ఎక్కడ శాశ్వత నివాసం అన్నది మొదటి ప్రశ్న. బతుకుతెరువు కోసం తాత్కాలికంగా బయట ఉన్నా సొంతూరి హోదానే అని నిబంధన. మా తాత రైల్వే క్వార్టర్‌లో ఉంటూ ఊళ్లో ఇల్లు వదులుకోలేదు. ఆ మట్టి ఇల్లే నా పీహెచ్‌డీ సీటుకు ఆధారమైంది! ఈ లెక్క నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. యూనివర్సిటీ సంఘంలో ఒక సీనియర్ అక్క కూర్చోబెట్టి చెప్పింది. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మనం స్వీట్లు పంచుకున్నాం. భాషకు దొరికిన హోదా కులం కాగితం దాకా రాలేదని ఆ రోజు ఎవరూ అనలేదు.

ఇక పెద్దల భయం. అది ఉత్తి భయం కాదు, దాన్ని తేలిగ్గా కొట్టిపారేసే వక్తలంటే నాకు చిరాకు. 2015లో ఐఐటీ మద్రాసు స్టడీ సర్కిల్ గుర్తింపును రద్దు చేశారు. దేశమంతా నిలదీశాక తిరిగి ఇచ్చారు. అదే ఏడాది హైదరాబాద్‌లో అయిదుగురు ఏఎస్ఏ పరిశోధకులను హాస్టల్ నుంచి వెలేశారు. రోహిత్ వేములకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉంది. 2016 జనవరి 17 తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ అయిదుగురిలో ఒకరైన వెల్పుల సుంకన్న పీహెచ్‌డీ పూర్తిచేసి, అదే ఏడాది అక్టోబరు స్నాతకోత్సవంలో వైస్ చాన్స్‌లర్ చేతి నుంచి పట్టా తీసుకోనన్నారు. ప్రో వైస్ చాన్స్‌లర్ ఇవ్వాల్సి వచ్చింది. సంఘం వల్ల చదువు పాడైందా, సంఘం వల్లే చదువు ఆ వేదిక దాకా వచ్చిందా అన్నది ఆ ఒక్క ఉదాహరణతో తేల్చలేం. మూల్యం ఉందని మాత్రం దాచను. కేసులు, ఆలస్యమయ్యే థీసిస్, ఇంటర్వ్యూ బోర్డులో చల్లబడే ముఖాలు. నా లెక్కలో ఇది ఒంటరిగా ఉండి భరించే మూల్యం కంటే తక్కువే. 2023 డిసెంబరులో లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం అయిదేళ్లలో కేంద్రీయ యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంలలో కలిపి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు చదువు మధ్యలో వదిలేశారు. ఐఐటీల్లోనే ఎస్సీలు 1,068 మంది. వాళ్లంతా జెండాలు పట్టుకుని బయటికి పోయారని ఎవరూ అనలేరు కదా.

మన ఊళ్లోనే ఉంది ఐఐటీ. ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం, 1931లో ఖైదీల మీద కాల్పులు జరిగిన చోటు, 1951లో దేశపు మొదటి ఐఐటీ అయింది. రైల్వే కాలనీ నుంచి ఆటోలో వెళ్లేంత దూరం, అయినా మన కాలనీ పిల్లలకు అది వేరే దేశమే. 2021 ఏప్రిల్‌లో అక్కడ ప్రిపరేటరీ కోర్సు ఆన్‌లైన్ తరగతిలో ఒక ప్రొఫెసర్ విద్యార్థులను, వాళ్ల తల్లిదండ్రులను దూషించిన వీడియో బయటికొచ్చింది. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల కోసం పెట్టిన కోర్సు అది. వేరే క్యాంపస్‌ల అంబేద్కరైట్ సంఘాలు కూడా గొంతెత్తాక, ఆమెను సస్పెండ్ చేశారు. ఆ తరగతిలో కూర్చున్న పిల్లలు ఆ రోజు తమలో తాము ఏం మాట్లాడుకుని ఉంటారా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

మన సంఘాల లోపలి మాట కూడా ఒకటి రెండు చెప్పాలి. పోస్టర్ రాయడం, టీ తేవడం, చందా లెక్క చూడడం ఆడపిల్లలకు, మైకు మగపిల్లలకు. ఇది మారుతోంది, కానీ నత్తనడక. 1994లో దండోరా మొదలైనప్పటి నుంచి వర్గీకరణ మీద సంఘాలు చీలాయి. 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత హాస్టల్ గదుల్లో మాటలు మళ్లీ ఆగిపోయాయి. ఏడాది తిరగకముందే రెండు తెలుగు రాష్ట్రాల్లో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. రోస్టర్ లెక్క పక్కవాడికి విడమరిచి చెప్పగలిగిన మనమే, మాదిగ, రెల్లి స్నేహితుడు తన వాటా లెక్క అడిగితే ఐక్యత గురించి ఉపన్యాసం ఇస్తున్నాం. మన్మాడ్‌లో బాబాసాహెబ్‌కు ఎదురైన విమర్శ ఇదే. ఈసారి దాన్ని చేస్తున్నవాళ్లం మనం. సంఘాన్ని మెట్టుగా వాడుకుని, పోస్టింగ్ రాగానే వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లిపోయే అన్నలూ ఉన్నారు. కొందరు ఈ హాల్లోనే ఉండొచ్చు, నవ్వుతున్నారు కాబట్టి.

చివరిగా పని మాట. ఈ ఏడాది ఇంటర్, డిగ్రీ పూర్తవుతున్న పిల్లలున్న ఇళ్లవాళ్లు తాత లేదా తండ్రి సర్వీస్ బుక్ నకలు, అందులో సొంతూరు రాసిన పేజీ, ఊళ్లో ఇంటి పన్ను రసీదు గానీ పాస్‌బుక్ గానీ ఉంటే తీసిపెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక వెతికితే దొరకవు. రైల్వే ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘంలో పనిచేసిన రిటైర్డ్ పెద్దలకు ఈ పాత రికార్డులు ఎక్కడ అడగాలో బాగా తెలుసు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు పిల్లలతో కూర్చోమని వాళ్లను అడుగుతున్నాను. బయట వరండాలో బల్ల వేశాం, పేర్లు అక్కడ రాయించండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. ముందు ఆడపిల్లలు అడిగితే బాగుంటుంది.

జై భీమ్.